ఆదివారం పొట్లం

జనవరి 18

అక్కా,

ముందు కూర్చో. చెడ్డ కబురేమీ కాదు, అయినా కూర్చునే చదువు. నిలబడి చదివితే నువ్వు సగం చదివి మిగతా సగం ఊహించుకుంటావు.

నాకున్నదానికి ఒక పేరుందట.

పోయిన నెల మా లైబ్రరీకి చేతుల వ్యాయామాలు నేర్పే ఆవిడ వచ్చింది. బైండింగ్ గదిలో పనిచేసేవాళ్ళ మణికట్లు, భుజాలు చూడమని ఆఫీసువాళ్ళు పిలిపించారు. నా వంతు వచ్చేసరికి స్వెటర్ గుండీలతో కుస్తీ పడుతున్నాను. ఆవిడ మణికట్టు సంగతి వదిలేసి ఆ గుండీలనే చూస్తూ కూర్చుంది. "చిన్నప్పుడు సైకిలు నేర్చుకున్నారా?" అంది. నాలుగుసార్లు మొదలుపెట్టానన్నాను. "గ్లాసులో నీళ్ళు పోస్తే ఒలుకుతాయా?" అంది. మా అక్క నాకు పెట్టిన పేరే ఒలకమ్మ అన్నాను. ఆవిడ నవ్వలేదు. తర్వాత రెండుసార్లు పిలిపించి, డాక్టరుకు కూడా చూపించి, చివరికి ఒక మాట కాగితం మీద రాసి ఇచ్చింది. డిస్‌ప్రాక్సియా. తెలివికి లోటు లేదట, కండలకూ లోటు లేదట. ఏ కదలిక తర్వాత ఏ కదలికో చేతికి అందాల్సిన కబురు వరసగా అందదట. పుట్టుకతోనే ఉంటుందట.

యాభై రెండేళ్ళక్కా. అజాగ్రత్త అన్నారు, పొగరన్నారు, చేతికి తిమ్మిరెక్కిందా అన్నారు. అన్నవాళ్ళలో సగం మంది పోయారు కూడా. కారిడార్‌లో గోడవైపు తిరిగి ఏడ్చాను. సంతోషమో దుఃఖమో నన్నడక్కు.

ఏం తింటారని కూడా అడిగింది. రొట్టె, బిస్కెట్లు, టీ అన్నాను. కత్తి పట్టుకుంటే వేలు తెగుతుంది, పొయ్యి దగ్గరికెళ్తే మోచెయ్యి కాలుతుంది, అందుకని వంట మానేసి ఏళ్ళయిందని నీకూ తెలుసుగా. "తిండి సరిగ్గా లేకపోతే ఉన్న ఓపిక కూడా పోతుంది" అని కోప్పడింది.

కొట్టివేతలు లెక్కపెట్టకు. ఫోను చేస్తే నీకు వినపడదు, ఉత్తరం రాస్తే నా రాత నీకు అర్థం కాదు. మనిద్దరికీ భలే కుదిరింది.

నీ ఒలకమ్మ

జనవరి 30

ఒలకమ్మా,

కూర్చునే చదివాను. చదివాక మళ్ళీ మొదటినుంచి చదివాను.

నీకు ఎనిమిదేళ్ళు, నాకు పధ్నాలుగు. అమ్మ నీ కాపీరాత నాకు అప్పజెప్పింది. కోడి కెలికినట్టుందని పేజీ చించేసి ఇరవై సార్లు రాయించాను. ఇరవయ్యోసారికి నీ వేళ్ళు బిగుసుకుపోయి పెన్సిలు వదల్లేదు. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. విప్పుతూ కూడా "కావాలనే చేస్తున్నావు" అన్నాను. నీకు గుర్తుందో లేదో. నాకు ఇప్పుడు బాగా గుర్తొస్తోంది.

సరే, ఏడుస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. మందుల షాపులో ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ సీసాల మీద రాసింది చదివి చెప్పేదాన్ని, సొంత చెల్లెలికి చెయ్యలేనా? ఏదో కంపెనీవాళ్ళు ఇచ్చిపోయిన చిన్న పుస్తకంలో నీలాంటివాళ్ళ గురించే రాసి ఉంది. నరాలకు నూనె, విటమిన్లు అందితే కదలికలు చక్కబడతాయట. ఇవాళే పార్సెల్ కట్టాను. చేపనూనె గుళిక రోజుకొకటి. పసుపు బిళ్ళ నరాల బలానికి, పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఎర్రది బి కాంప్లెక్సు. తెల్లది అన్ని విటమిన్లూ కలిసింది.

ఈ సీసాల మూతలు నొక్కి తిప్పాలి. అది నీ వల్లయ్యే పని కాదు, పళ్ళతో లాగుతావు. అందుకని సీసాలు నా దగ్గరే ఉంచుకుని, ఏ రోజువి ఆ రోజు పొట్లం కట్టాను, మీద వారం పేరు రాశాను. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడేసి, నాలుగు కట్టలు. ప్రతి నెలా పంపుతాను.

పొద్దున్నే రెండు గుడ్లు. ఆకుకూరలు. ఏదో ఒక పండు. బిస్కెట్ డబ్బా ఎవరికైనా ఇచ్చెయ్.

ఇరవై సార్లు రాయించిన
అక్క

ఫిబ్రవరి 26

అక్కా,

పొట్లాలు అందాయి. మా బైండింగ్ మేస్త్రి ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఈ మడత పెట్టినావిడ మన గదిలో ఉండాల్సిందే" అన్నాడు. నేను పొంగిపోయాను, ఏదో నేనే మడిచినట్టు.

కాపీరాత నాకూ గుర్తుంది. కానీ నువ్వు వేళ్ళు విప్పాక వాటిని నీ రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దావు. అది నువ్వు మర్చిపోయినట్టున్నావు.

గుడ్లు తింటున్నాను, ఉడికించినవే కొంటాను. మా లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే కౌంటర్ దగ్గర ఒకావిడ కూర్చుంటుంది, మధ్యాహ్నం భోజనానికి నా పక్కనే. పెంకు ఆవిడ తీసిపెడుతుంది, బదులుగా ఆవిడ పళ్ళ డబ్బాలో సగం నాకు తినిపిస్తుంది. సాయంత్రానికి ఇదివరకులా తూలిపోవడం లేదు. అది తిండి గొప్పో, పొట్లాల గొప్పో తెలియదు. నీదే అనుకో, పోయేదేముంది.

ఒక సంగతి చెప్పనా? ఈ గదిలోనే నేను ఒలకమ్మను కాను. చిరిగిన పుస్తకం విప్పి, ఫారాలు, అంటే మడత కాగితాల కట్టలు, విడదీసి, ఆరె అనే లావు సూదితో చిల్లులు పెట్టి, దారంతో కుట్టి, జిగురు రాసి బరువు పెట్టడం. మిగతావాళ్ళు ఏడాదిలో నేర్చుకున్నది నాకు ఆరేళ్ళు పట్టింది. కానీ వచ్చింది. కాగితం ఎటు మడిస్తే విరగదో కళ్ళు మూసుకుని వేలితో చెప్పగలను. నా చేతులు మాట విన్న పని ఇదొక్కటే.

ఒలకమ్మ

ఏప్రిల్ 12

ఒలకమ్మా,

పోయేదేముందా? పోయేదేమీ లేకపోతే సీసాలు ఎందుకు తెప్పిస్తానే? అది ముమ్మాటికీ పొట్లాల గొప్పే. మా ఓనరుకు కూడా చెప్పాను. "మీరు డాక్టరు కావాల్సినవారండీ" అన్నాడు. ఎగతాళికో, నిజానికో. రెండూ తీసుకున్నాను.

మూడో నెల పార్సెల్ ఇందులో ఉంది. ఒక్క పూట కూడా మానకు.

అక్క

జులై 3

అక్కా,

ఇవాళ మనసు బాగాలేదు, పొట్టిగా రాస్తాను.

మొన్న పాత పుస్తకం ఒకటి బాగుచేస్తూ రెండు పేజీలు కలిపి అంటించేశాను. ఒకటే కాగితం అనుకున్నాను. ఆరిపోయాక తెలిసింది. విడదీస్తే అక్షరాలు అటూ ఇటూ సగం సగం ఊడొచ్చాయి. పదిహేడేళ్ళలో ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. మేస్త్రి ఆ పేజీలు తీసుకెళ్ళి తన సొరుగులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

నెల రోజులుగా అరికాళ్ళు తిమ్మిరి. చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో బస్టాపు దాకా వెళ్ళాను. వేళ్ళకు ఎప్పుడూ పల్చటి గ్లౌజు తొడిగినట్టుంది. వయసు పెరిగేకొద్దీ నా జబ్బు కూడా పెరుగుతుందేమో. ఆ వ్యాయామాలావిడ వేరే ఊరికి బదిలీ అయిపోయింది, లేకపోతే అడిగేదాన్ని.

ఈ ఉత్తరం రాస్తుంటే పెన్ను మూడుసార్లు జారింది.

ఒలకమ్మ

జులై 14

ఒలకమ్మా,

ఎందుకే అంత బెంగ? పుట్టుకతో ఉన్నది ఐదు నెలల్లో పోతుందా? అరికాళ్ళ తిమ్మిరి అంటే నరాలకు బలం ఇంకా చాలలేదన్నమాట. మా షాపుకి తిమ్మిర్లని వచ్చేవాళ్ళందరికీ ఇచ్చేది ఆ పసుపు బిళ్ళే. అందుకని ఈ నెల నుంచి పసుపువి రెట్టింపు చేశాను, పొద్దున రెండు, సాయంత్రం రెండు. ఎర్రది కూడా రెండు పూటలా. పొట్లం లావుగా ఉందని భయపడకు.

నిజం చెప్పు, మధ్యలో మానేశావు కదూ? నాకు తెలుసు నీ సంగతి.

చేతులు బాగుపడాలి నీకు. నేను చేసింది ఆ ఒక్క రకంగానే చెరిగిపోతుంది. నవ్వుకో, పరవాలేదు.

అక్క

సెప్టెంబర్ 9

అక్కా,

క్షేమం. పొట్లాలు ఒక్కటీ మానలేదు. గుడ్లు, పళ్ళు అన్నీ తింటున్నాను. తిమ్మిరి గురించి నువ్వు బెంగపెట్టుకోకు. ఇక్కడ వానలు పడుతున్నాయి. గదిలో కాగితాలు చెమ్మగిల్లకుండా కిటికీలు మూసేశారు. నీ చెవి మిషను బాగుచేయించుకున్నావా?

ఒలకమ్మ

సెప్టెంబర్ 20

ఒలకమ్మా! ఒలకమ్మా!

కవరు మీద అడ్రసు రాత చూసి నీది కాదనుకుని పక్కన పెట్టాను. విప్పి చూస్తే నీ ఉత్తరం! ఎంత గుండ్రంగా ఉన్నాయే అక్షరాలు! గీత మీద గీతలా వరస కూడా తప్పలేదు. ఒక్క కొట్టివేత లేదు. షాపులో అందరికీ చూపించాను. కళ్ళజోడు పెట్టుకున్నాను, తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను. పెట్టుకున్నా తీసినా ముత్యాల్లాగే ఉన్నాయి.

ఉత్తరం మా కౌంటర్ మీద గాజుపలక కింద పెట్టాను. మందు కొనడానికి వచ్చినవాళ్ళు చిల్లర కోసం నిలబడితే, "మా చెల్లెలి రాత" అని చెబుతున్నాను. నలభై నాలుగేళ్ళ కిందట నేను పేజీ చించిన పిల్ల.

బాగుంది తల్లీ నీ రాత. చాలా బాగుంది. నేను హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఆ పూట నిద్రపోయాను.

నీ అక్క

నవంబర్ 28

అక్కా,

ఒక పని చేసిపెట్టు. నువ్వు పంపేవాటి పేర్లు, ఒక్కొక్క దాంట్లో ఏవేవి ఎంతెంత ఉన్నాయో సీసా మీద చూసి మొత్తం రాసి పంపు. ఇక్కడ ఒక డాక్టరు అడుగుతున్నారు. పొట్లాల మీద వారాల పేర్లు తప్ప ఏమీ లేవు కదా. తొందరగా పంపు. ఆరోగ్యం జాగ్రత్త.

ఒలకమ్మ

డిసెంబర్ 6

ఒలకమ్మా,

అడిగారా! అడుగుతారని నాకు తెలుసు. నీ చేతుల్లో మార్పు చూసి ఆ డాక్టరు ఆశ్చర్యపోయి ఉంటారు. నాలుగు సీసాలూ ముందు పెట్టుకుని, ఒక్క అక్షరం వదలకుండా రాశాను. జత చేసిన కాగితం ఆయనకే ఇచ్చెయ్. నీలాంటివాళ్ళు ఇంకెవరైనా వస్తే వాళ్ళకూ ఇదే ఇవ్వమను. పొట్లం కట్టే పద్ధతి కూడా చెప్పు, మూతలు తియ్యలేనివాళ్ళకు పనికొస్తుంది. నా పేరు చెప్పక్కర్లేదు. చెప్పినా తప్పు లేదు.

అక్క

డిసెంబర్ 27

అక్కా,

ఇది నా సొంత రాత. మూడు రోజుల నుంచి రాస్తున్నాను. పెన్నుకు గుడ్డ చుట్టి, పిడికిలితో పట్టుకుని. చదవడం కష్టమైతే తీరిగ్గా చదువు, కానీ మొత్తం చదువు.

సెప్టెంబరులో వచ్చిన ఉత్తరం, తర్వాతదీ నేను రాయలేదు. నేను చెబుతుంటే కౌంటర్ ఆవిడ రాసింది. అప్పటికే పెన్ను వేళ్ళలో ఉందో లేదో నాకు తెలియడం లేదు. ఆ ఒక్కసారికే అనుకున్నాను. వెంటనే నీ జవాబు వచ్చింది. నా అక్షరాలు బాగున్నాయని పుట్టాక మొదటిసారి అన్నావు. అవి నావి కాకపోయినా సరే, ఆ మాట వదులుకోలేకపోయాను. నువ్వు నిద్రపోయానని కూడా రాశావు. ఇక ఎలా చెప్పను?

అక్టోబరులో మెట్ల మీద పడ్డాను. నవంబరులో నరాల డాక్టరు దగ్గరికి మేస్త్రే తీసుకెళ్ళాడు. కళ్ళు మూసుకుని నిలబడమంది. నిలబడలేక ఆవిడ మీదే పడ్డాను. ఏం మందులు వాడుతున్నారంది. పసుపుది, ఎర్రది, తెల్లది అన్నాను. నీ కాగితం వచ్చాక ఆవిడ ముందు పెట్టాను. పెన్సిలుతో మూడు చోట్ల సున్నా చుట్టింది. మూడింట్లోనూ ఉన్నది ఒకటేనట, బి ఆరు విటమిన్. మనిషికి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలట. నీ పొట్లంలో ఐదువందల పైన ఉంది. అది తక్కువైనా నరాలు దెబ్బతింటాయట, నెలల తరబడి అంత ఎక్కువైనా అవే దెబ్బతింటాయట. అరికాళ్ళ తిమ్మిరి దాని వల్లే.

"మొదట్లోనే ఎందుకు రాలేదమ్మా?" అంది. నా చేతిలోంచి వస్తువు జారితే అదొక వార్తా? నేనూ అలాగే అనుకున్నాను, మేస్త్రీ అలాగే అనుకున్నాడు, నువ్వూ అలాగే అనుకున్నావు.

డిస్‌ప్రాక్సియాకు ఇవి మందులు కావా అని అడిగాను. చేపనూనె మీద పిల్లలతో కొన్ని పరీక్షలు జరిగాయట, కొందరికి చదువులో కాస్త మెరుగు కనిపించిందట, చేతి పనిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదట. నా రక్తంలో డి విటమిన్ తక్కువుందని అదొక్కటే, కొలిచి ఇచ్చింది. గుడ్లు, పళ్ళు మాత్రం మానొద్దంది. పొట్లాలు ఆపెయ్యమంది. ఆపేశాను. నరాలు మెల్లగా కోలుకోవచ్చట, ఎంతవరకో చెప్పలేనంది.

బైండింగ్ గదిలోంచి నన్ను తీసేశారు. తీసెయ్యడమంటే మర్యాదగానే. తిరిగొచ్చిన పుస్తకాల మీద తేదీ ముద్ర వేసే కుర్చీలో కూర్చోబెట్టారు.

నీ మీద కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. సీసా మూత తీసుకోవడం నాకు రాకపోయినా, సీసా మీద రాసింది చదవడం నాకు వచ్చు కదక్కా. దాన్ని కూడా నువ్వే దగ్గర పెట్టుకున్నావు. నా మీద కూడా కోపమే. జులైలోనే గట్టిగా చెప్పి ఉంటే సగంలో ఆగేది.

ఒలకమ్మ

ఫిబ్రవరి 11

చెల్లీ,

ఇదివరకటి పేరుతో పిలవడానికి నోరు రావడం లేదు.

ఇన్నాళ్ళూ రాయలేదు. ఏం రాసినా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే ఉంటోంది. మూడు సీసాల మీదా ఆ పేరు ఉంది. మూడూ చదివాను. కలిపి చదవలేదు. ఇంతే జరిగింది. వచ్చిపోయేవాళ్ళకు "ఇది వేసుకుంటే అది వేసుకోకూడదు" అని చెప్పే మనిషిని నేను. నా చెల్లెలి దగ్గరికొచ్చేసరికి, ఎంత ఎక్కువ పెడితే అంత ప్రేమ అనుకున్నాను. నీకు కాపీరాత ఇరవై సార్లు రాయించినప్పుడు కూడా మంచికే అనుకున్నాను.

షాపులో ఇప్పుడు మందులు ఇవ్వడం లేదు. ఓనరు వద్దన్నా వినకుండా, అరలు తుడిచి సరుకు సర్దే పని తీసుకున్నాను. గాజుపలక కింద ఉత్తరం తీసేశాను. మీ కౌంటర్ ఆవిడ రాత నిజంగా బాగుంటుంది, ఆవిడకు చెప్పు.

నిన్న ఆదివారం కదా. భోజనం చేసి కూర్చుంటే చేతులు వాటంతట అవే కాగితం మడవడం మొదలుపెట్టాయి. ఏడోది మడిచాక తెలివొచ్చింది. బల్ల మీద ఖాళీ పొట్లాలు వరసగా ఏడు. వాటిని పారెయ్యలేక, ఉంచుకోలేక అలాగే కూర్చున్నాను.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే సరే అంటావు. అందుకని అడగను.

అక్క

మే 2

అక్కా,

నోరు రాకపోయినా ఆ పేరుతోనే పిలువు. ఆ పేరు పెట్టినప్పుడు నా మీద ఎంత ముద్దుండేదో నాకు తెలుసు.

కాళ్ళు కాస్త నయం. మెట్లు పట్టుకుని దిగుతున్నాను. చేతులు అలాగే ఉన్నాయి. డాక్టరు నన్ను కొత్త వ్యాయామాలావిడ దగ్గరికి పంపింది. వేళ్ళకు మళ్ళీ స్పర్శ నేర్పాలట. కళ్ళు మూసుకుని చిన్న చిన్న వస్తువులు తడిమి, అదేమిటో చెప్పాలి.

ఆ ఏడు ఖాళీ పొట్లాలు ఉన్నాయా? ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క వస్తువు పెట్టి పంపు. గుండీయో, గింజో, నీకేది తోస్తే అది. మింగేవి మాత్రం వద్దు. పైనుంచి తడిమి కనుక్కుంటాను. ఏముందో రాయకు. ఈసారి చదవడం నా వంతు.

ఒలకమ్మ

జులై 19

అక్కా,

అందాయి. రోజుకొకటి చొప్పున కాదు, వారానికొకటి పెట్టుకున్నాను. ఏడు వారాలు.

సోమవారంది గుండీ అన్నాను. విప్పితే చిన్న తాళంచెవి. మంగళవారంది ఏమీ తెలియలేదు, విప్పితే బఠాణీ గింజలు. బుధవారంది కూడా తెలియలేదు. గురువారంది తాడనుకున్నాను, దారపు ఉండ. ఇది దగ్గరే కదూ? శుక్రవారంది దువ్వెన ముక్క అని సరిగ్గా చెప్పాను, కౌంటర్ ఆవిడ చప్పట్లు కొట్టింది. మళ్ళీ శనివారంది తప్పు.

మొన్న బైండింగ్ గదిలోకి వెళ్ళాను. నా బల్ల దగ్గర కొత్త మనిషి ఫారాలు కుడుతోంది. చెయ్యి మంచిదే. ఒక కాగితం తీసుకుని వేళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఉందని కంటికి కనపడుతోంది, అంతే. బయటికొచ్చి, నా జబ్బు పేరు తెలిసినరోజు ఏడ్చిన గోడ దగ్గరే కాసేపు నిలబడ్డాను. ఈసారి సందేహం లేదు, దుఃఖమే.

ఆదివారం పొట్లం తడిమితే ఖాళీగా ఉన్నట్టే ఉంది. ఖాళీది నువ్వు పంపవు. ఏదో చాలా పల్చటిది ఉంటుంది. అందుకని విప్పలేదు. వేలికి తెలిసినరోజు విప్పుతాను. ఏడాది కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు, డాక్టరు కూడా చెప్పలేదు. స్వెటర్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అందులో ఏముందో నేను ఎంత బతిమాలినా చెప్పకు.

ఒలకమ్మ

జులై 27

ఒలకమ్మా,

నీ పిడికిలి రాత ఉత్తరం మొత్తం చదివాను. నాలుగు రోజులు పట్టింది. ఎవరి చేతా చదివించుకోలేదు.

చెప్పను.

జేబులో మడత ఊడిపోతే, కళ్ళు మూసుకుని మళ్ళీ మడిచి పెట్టుకో.

అక్క